టాటూ కలెక్టర్ అవ్వాలని ఉంది (జిల్లా కలెక్టర్ కాదు) - ఆర్టిస్టుని, షాపుని ఎలా ఎంచుకుంటారు?

ఓరుగల్లు_కుర్రాడు అడిగింది:

అన్నలూ అక్కలూ, ముందే చెప్తున్నా, పోస్టు కొంచెం పెద్దది. వయసు 26, ఊరు హనుమకొండ పక్కన, ఉద్యోగం గచ్చిబౌలిలో. నన్ను కలెక్టర్‌ని చెయ్యాలని మా నాన్నకి ఉండేది, నాకేమో టాటూ కలెక్టర్ (అంటే ఒంటి మీద ఒక్కో టాటూ పోగేసుకుంటూ పోయేవాడు) అవ్వాలని ఉంది, ఈ రెండింటికీ తేడా ఏంటో ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఇప్పటికి ఒంటి మీద ఉన్నది ఒక్కటే. ఇంటర్ సెకండియర్‌లో జాతరకి వెళ్లినప్పుడు చెట్టు కింద గోనెపట్టా పరిచి, బ్యాటరీకి మిషన్ తగిలించుకుని కూర్చున్నాయన దగ్గర నలుగురు ఫ్రెండ్స్‌మి వరసగా వేయించుకున్నాం, మనిషికి వంద. నాది కుడి ముంజేతి మీద త్రిశూలం. అప్పట్లో త్రిశూలమే, ఇప్పుడు చూసినవాళ్లు ఫోర్కా అంటున్నారు. నలుగురికీ అదే సూది వాడాడని ఎప్పుడో ఏడాది తర్వాత గుర్తొచ్చి రెండు రాత్రులు నిద్రపట్టలేదు, హెచ్ఐవీ, హెపటైటిస్ టెస్టులన్నీ చేయించుకున్నా, దేవుడి దయ, ఏం లేదు.

ఇప్పుడు చేతిలో కాస్త డబ్బులు ఆడుతున్నాయి కాబట్టి ఏడాదికి ఒకటో రెండో చొప్పున ఎడమ చెయ్యంతా నింపాలని ప్లాన్. కానీ ఇన్‌స్టా తెరిస్తే అందరి పనీ అదిరిపోతున్నట్టే ఉంది, గూగుల్ రివ్యూలు చూస్తే అందరికీ 4.9. మొన్న ఒక షాపుకి వెళ్లా. ఏసీ, సోఫా, కాఫీ, గోడ మీద పెద్ద శివుడు, అంతా బాగుంది. "ఎవరు వేస్తారన్నా?" అంటే "ఆ టైమ్‌కి ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు సార్" అన్నాడు. అక్కడే నాకు మనసు ఆగిపోయింది. రేటు సంగతి చెప్పక్కర్లేదు, ఒకడు ఇంచుకి 500 అంటాడు, ఇంకొకడు అదే బొమ్మకి మొత్తం 12 వేలంటాడు.

నాకు తెలియాల్సింది: ఆర్టిస్టు పని మంచిదో కాదో బొమ్మలు గీయడం రాని మనలాంటోళ్లకి ఎలా తెలుస్తుంది? చెయ్యంతా ఒకరికే అప్పగించాలా, తలా ఒకరి దగ్గర వేయించుకోవచ్చా? ఆ ఫోర్కుని ఏం చెయ్యాలి?

---

నల్లసిరా:

"ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు" దగ్గర ఆగిపోయావు చూడు తమ్ముడూ, సగం పాసైపోయినట్టే. మంగలి షాపుకి వెళ్లినా మనకి ఫలానా ఆయనే చెయ్యాలని ఖాళీ కుర్చీ వదిలేసి కూర్చుంటాం, జన్మంతా ఉండే బొమ్మకి మాత్రం ఎవరైనా ఫర్వాలేదా? షాపు పేరుతో వెతకడం మానెయ్, మనిషి పేరుతో వెతుకు. మంచి ఆర్టిస్టులు షాపులు మారుతుంటారు, షాపు బోర్డు మాత్రం అక్కడే ఉంటుంది, నువ్వు మూడేళ్ల క్రితం చూసి మెచ్చుకున్న పని చేసినోడు ఇప్పుడు అక్కడ ఉండకపోవచ్చు.

నా ఒంటి మీద 11 ఉన్నాయి, తొమ్మిదేళ్లలో, ఆరుగురి చేతుల మీదుగా. అందులో రెండు చెత్త. రెండూ నా తప్పే, ఎందుకంటే రెండుసార్లూ అప్పుడే వేసిన ఫొటోలు చూసి మోసపోయా. కొత్త టాటూ చూసి ఆర్టిస్టుని మెచ్చుకోవడమంటే సున్నం వేసిన రోజు ఇల్లు చూసి గోడ గట్టిదనడం, ఒక వానాకాలం పోతేగానీ తెలియదు. కాబట్టి అడగాల్సింది ఒకే ఒక్క మాట, "అన్నా, హీల్ అయిన ఫొటోలు ఉన్నాయా, ఏడాది దాటినవి?" ఉన్నోడు సంతోషంగా చూపిస్తాడు. లేనోడు నీకు కాఫీ ఇస్తాడు.

ఎందుకో చెప్తా. సూది మన చర్మంలోకి ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగుతుంది, పైపొర దాటి కింద పొరలో ఇంకు పడాలి. పైపొర కొన్ని వారాల్లో ఎలాగూ రాలిపోయి కొత్తది వస్తుంది, కాబట్టి చేయి తేలికైనోడు వేస్తే ఇంకు పొట్టుతో పాటే పోయి గీత అక్కడక్కడా తెగిపోతుంది. చేయి బరువైనోడు వేస్తే మరీ లోపలికి దిగి, ఇంకు పేపర్ మీద పడ్డ సిరాచుక్కలాగా పాకి గీత చుట్టూ నీలం నీడ వస్తుంది, దాన్నే బ్లోఅవుట్ అంటారు. ఈ రెండూ ఆ రోజు ఫొటోలో కనపడవు. పైగా ఆ రోజు చర్మం నిగనిగలాడుతుంటుంది, దానికి రింగ్‌లైట్, దాని మీద ఒక ఫిల్టర్.

రెండోది, మన రంగు. ఇంకు చర్మం రంగు కింద ఉంటుంది, పైన కాదు. అంటే ఏ రంగైనా మన చామనఛాయ అనే గాజులోంచి చూస్తున్నట్టు. తెలుపు, లేత పసుపు, లేత గులాబీ మనకి ఏడాదిలో మచ్చలాగా అయిపోతాయి. నల్లది, ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ నిలబడతాయి. యూరప్ వాళ్ల పేజీలో తెల్లతోలు మీద వేసిన వాటర్‌కలర్ నెమలి తీసుకెళ్లి "ఇదే కావాలి" అనకు. ఆర్టిస్టు పేజీలో మన రంగు వాళ్ల మీద వేసినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు.

మూడోది, గీతలు జూమ్ చేసి చూడు. గుండ్రటి సున్నా ఎక్కడ మొదలై ఎక్కడ కలిసిందో కనపడకూడదు. పొడుగు గీత ఉంటే మధ్యలో లావు సన్నం అవ్వకూడదు. షేడింగ్, రియలిజం (అచ్చు ఫొటోలాగా వేసే) బొమ్మల్లో తప్పులు దాచొచ్చు, సాదా గీతలో దాచలేరు, అందుకే ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు వాళ్లు వేసిన సాదా పనే చూస్తా.

ఇక ఒకరా పదిమందా. రెండు దారులున్నాయి. జపాన్ పద్ధతిలో అయితే ఒకే గురువు, వీపంతా చేతులంతా ఏళ్ల తరబడి ఆయనే, మధ్యలో అలలు, గాలి, మబ్బులు పెట్టి అన్నీ ఒకే బొమ్మలాగా కలుపుతారు. అమెరికా పాత పద్ధతిలో అయితే ఒక్కోటి ఒక్కో బొమ్మ, స్టికర్లు అంటించినట్టు, మధ్య ఖాళీల్లో చుక్కలో నక్షత్రాలో. కలెక్షన్ అంటే రెండోదే. కానీ పది మంది పది రకాలు వేస్తే మాత్రం చెయ్యి పెళ్లికార్డుల కట్టలాగా ఉంటుంది. నేను పెట్టుకున్న రూలు ఒక్కటే, ఆర్టిస్టులు మారినా నలుపు మాత్రమే, గీత మందం మాత్రం అటూఇటుగా ఒకేలా ఉండాలి. నువ్వు కూడా అలాంటిదొకటి పెట్టుకో, ఏదైనా పర్లేదు.

మొదటిది భుజం కింద బయటివైపు వేయించు, నొప్పి తక్కువ, బాగా నిలుస్తుంది. వేళ్లు, అరిచేయి అంచు, పాదం వద్దు, అరిగిపోతాయి. మూడు నెలలు ఆగి అది ఎలా ఆరిందో చూసి అప్పుడు రెండోదానికి అదే మనిషి దగ్గరికి వెళ్లాలో లేదో నిర్ణయించుకో.

---

ఇడ్లీ_కారప్పొడి:

సింహం, గడియారం, రోమన్ అంకెలు, గులాబీ, అందరూ దించే అరిగిపోయిన సెట్టు. షాపోడు చూపించే పనిలో ఈ నాలుగూ ఒకే చేతి మీద ఉంటే ఆ షాపులో అడుగు పెట్టకు 😂

---

నల్లసిరా:

@ఇడ్లీ_కారప్పొడి నా రెండు చెత్తల్లో ఒకటి అదే, పుండు మీద కారం చల్లకు.

---

బెజవాడ_సూది:

నేను వేసేవాడిని, ఎనిమిదేళ్లుగా. షాపు పేరు చెప్పను, ప్రచారం అనుకుంటారు. పైన అన్న చెప్పింది అంతా నిజం, నేను కుర్చీకి ఇవతలి వైపు నుంచి కొన్ని చెప్తా.

లోపలికి రాగానే గోడ మీద బొమ్మలు కాదు, బల్ల మీద వస్తువులు చూడండి. సూది కార్ట్రిడ్జ్ సీల్డ్ ప్యాక్‌లో ఉండాలి, మీ కళ్ల ముందు చించాలి, చించేముందు ఎక్స్‌పైరీ తేదీ చూపించమని అడగండి, సిగ్గుపడొద్దు. ఇంకు సీసాలోంచి చిన్న మూతల్లాంటి కప్పుల్లోకి పోస్తాం, పని అయ్యాక మిగిలింది పారబొయ్యాలి, తిరిగి సీసాలో పోస్తే లేచి వచ్చెయ్యండి. మిషన్‌కి, వైరుకి ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. జుట్టు గీసే రేజర్ కొత్తది ఉండాలి. అన్నింటికంటే ముఖ్యం గ్లవుజులు. గ్లవుజులు వేసుకున్నాడా లేదా కాదు, వేసుకున్న గ్లవుజులతో ఫోన్ ఎత్తాడా లేదా చూడండి. ఫోన్ మోగితే అదే చేత్తో ఎత్తి, మాట్లాడి, మళ్లీ మీ చెయ్యి పట్టుకున్నాడంటే మిగతా శుభ్రం అంతా షో. స్టీల్ గ్రిప్పులు (మిషన్ పట్టుకునే పిడులు) మళ్లీ మళ్లీ వాడే పాతకాలం వాళ్లైతే ఆటోక్లేవ్, అంటే ఆవిరితో క్రిములు చంపే మిషన్, ఉందా అడగండి, 121 డిగ్రీల దగ్గర కనీసం 15 నిమిషాలు ఆవిరిలో ఉండాలి. కొన్ని చోట్ల వేడి నీళ్లల్లో ముంచి తీస్తారు, అది ఇడ్లీ ప్లేట్లకి సరిపోతుంది.

ఇంకు సంగతి. మన దేశంలో దీని మీద గట్టి రూల్స్ లేవు. 2025 మొదట్లో కర్ణాటక వాళ్లు శాంపిల్స్ తీసి పరీక్షిస్తే 22 రకాల లోహాలు తేలాయని, రూల్స్ పెట్టమని కేంద్రానికి రాస్తామని వాళ్ల ఆరోగ్య మంత్రే చెప్పారు. మంచి బ్రాండ్ల పేర్లతోనే నకిలీలు కూడా దొరుకుతాయి, సగం రేటుకి. ఇంచుకి 200, 300 కి వేసేవాడు ఏ ఇంకు వాడతాడో మీరే లెక్క వేసుకోండి. ఇంచు లెక్క అసలు నాకు నచ్చదు, జాకెట్టు గుడ్డ కొలిచినట్టు. చిన్న బొమ్మలో గంట పని ఉండొచ్చు, పెద్ద నల్ల పట్టీ అరగంటలో అవ్వొచ్చు. నేనైతే కనీస చార్జీ ఒకటి పెట్టుకున్నా, పెద్దవాటికి సిట్టింగ్ లెక్క.

ఇప్పుడు నా అసలు బాధ, తెలుగు అక్షరాలు. నెలకి నాలుగైదు "అమ్మ" లు వేస్తా. ఒకసారి ఒక కుర్రాడు వేరే రాష్ట్రంలో వేయించుకుని సరిచెయ్యమని వచ్చాడు. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు సెట్టింగ్ ఆన్ చెయ్యకపోతే వత్తులు విడిపోతాయి, "అమ్మ" కాస్తా "అమ్‌మ" అవుతుంది. ఆ ఆర్టిస్టుకి తెలుగు రాదు, స్క్రీన్ మీద ఏం వస్తే అదే స్టెన్సిల్ (సూది పెట్టేముందు చర్మం మీద అంటించే అచ్చు) తీశాడు, ఈ కుర్రాడు ఆ టెన్షన్‌లో చదువుకోలేదు. పొట్టు రాలాక వాళ్లమ్మే చదివి "ఇదేంట్రా, నన్ను విరగ్గొట్టించావు" అందట. మకి పొల్లు చెరిపి వత్తు ఎక్కడ పెట్టను? చివరికి దాని మీద తామరపువ్వు కప్పాం. స్టెన్సిల్ అంటించాక అద్దంలో కాదు, ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో తెలుగు బాగా వచ్చినవాళ్లకి పంపి, వాళ్లు సరే అన్నాకే సూది పెట్టనివ్వండి.

ఇంకోటి, మన లిపి అంతా గుండ్రాలు. చిన్నగా వేస్తే "క్ష", "త్ర", "శ్రీ" లోపల ఉండే ఖాళీలు ఐదారేళ్లలో పూడిపోతాయి, ఎందుకంటే ఎంత బాగా వేసినా గీత కాలం గడిచేకొద్దీ కొంచెం లావెక్కుతుంది. అక్షరం ఎత్తు బొటనవేలి గోరంత అయినా లేకపోతే నేను వెయ్యను. "అన్నా నువ్వు వెయ్యకపోతే పక్కషాపోడు వేస్తాడు" అంటారు. వెయ్యనీ.

ఫోర్కు గురించి: ఫొటో పెట్టు. పాత నలుపు ఎంత పలచబడితే కప్పడం అంత తేలిక. కవర్‌అప్ అంటే పాతదానికి రెండు మూడింతలు పెద్దది, దానికంటే ముదురు రంగుది వెయ్యాల్సి వస్తుంది, అది ముందే గుర్తుపెట్టుకో.

---

గోదారి_గట్టు:

మీ అందరికీ ఇదేదో కొత్తలాగా ఉంది. మా నాయనమ్మకి ముంజేతి మీద తులసికోట, గడ్డం మీద మూడు చుక్కలు ఉండేవి. ఊళ్లోకి ఎరుకల ఆవిడ వచ్చేదట, సూదులు దారంతో కలిపి కట్టి, మసి, ఏదో ఆకు పసరు కలిపి పొడిచేదట. పొడుస్తున్నంతసేపు పాట పాడుతూనే ఉండేదట, ఏడుపు వినపడకుండానో ఏమో. ఇచ్చింది ఒక కుంచెడు ధాన్యం. చచ్చాక నగలు తీసేస్తారు, పచ్చబొట్టు మాత్రం వెంట వస్తుందని మా నాయనమ్మ అనేది. చివరికి ఆవిడ నగలు మా అత్తలు పంచుకున్నారు, ఆ మాట నిజమే.

ఫిలిప్పీన్స్ కొండల్లో బుస్కలాన్ అనే ఊళ్లో వాంగ్ ఓడ్ అనే ముసలావిడ ఉంది, 2023 ఏప్రిల్ వోగ్ ఫిలిప్పీన్స్ కవర్ మీద వేశారు, అప్పటికి ఆవిడకి 106 ఏళ్లు. ముల్లుతో, మసితో పొడుస్తుంది. వయసు మీద పడ్డాక వచ్చినవాళ్లకి మూడు చుక్కలు పెట్టి పంపేస్తోంది, ఆ మూడు చుక్కల కోసం లోకంలోంచి జనం కొండెక్కి వెళ్తున్నారు. మా నాయనమ్మ చుక్కలు గుర్తొచ్చాయి నాకు. కలెక్టర్ అవుతానంటున్నావు కాబట్టి చెప్తున్నా, ఇన్‌స్టాలోనే కాదు, మీ ఇంట్లో పెద్దవాళ్ల చేతులు కూడా ఒకసారి చూడు.

---

చెరిపిస్తున్నా_మళ్లీ:

ఎవరూ చెప్పనిది నేను చెప్తా. లేజర్‌తో చెరిపించడం టాటూ వేయించుకోవడం కంటే ఎక్కువ నొప్పి, ఎక్కువ ఖర్చు. నేను మాజీ ప్రేయసి పేరు వేయించుకుంది 3 వేలకి, ఇప్పటికి తీయించడానికి అయింది 30 వేలు దాటింది, ఇంకా మొదటి అక్షరం దయ్యంలాగా కనిపిస్తూనే ఉంది. ఒక్కో సిట్టింగ్‌కి మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. లేజర్ ఇంకుని చిన్న ముక్కలు చేస్తుంది అంతే, వాటిని మోసుకెళ్లేది మన ఒళ్లే, దానికి టైమ్ పడుతుంది. మన రంగు వాళ్లకి జాగ్రత్తగా చెయ్యకపోతే ఆ చోట చర్మం తెల్లబడటమో నల్లబడటమో ఉంటుంది, బ్యూటీపార్లర్‌లో కాదు, చర్మం డాక్టర్ దగ్గరే చేయించాలి. గాయం తగిలితే మచ్చ ఉబ్బే ఒళ్లు, అంటే కీలాయిడ్ వచ్చే ఒళ్లు అయితే టాటూనే మానెయ్.

ఇంకో రెండు. వేయించుకున్నాక ఏడాది పాటు రక్తం ఇవ్వనివ్వరు, రెగ్యులర్‌గా ఇచ్చేవాళ్లు చూసుకోండి. కేంద్ర బలగాల ఉద్యోగాలకి ట్రై చేసే తమ్ముళ్లు ఎవరైనా చదువుతుంటే, ముంజేయి లోపలివైపు అయితే ఎడమ చేతికే ఒప్పుకుంటారు, సెల్యూట్ చేసే చెయ్యి కాదు కాబట్టి, అదీ ఆ భాగంలో నాలుగో వంతు కంటే చిన్నగా ఉండాలి. నోటిఫికేషన్ చదవకుండా కుడిచేతికి వేయించుకుని ఏడ్చినవాడు మా పిన్ని కొడుకు.

---

డాలస్_బావ:

ఇక్కడి పద్ధతి చెప్తా, అక్కడ కూడా పెద్ద ఆర్టిస్టుల దగ్గర ఇదే నడుస్తోందని విన్నా. "ఎంత అన్నా?" అని ఒక్క ముక్క మెసేజ్ పెడితే ఎవడూ జవాబివ్వడు. ఎక్కడ కావాలి, ఎన్ని సెంటీమీటర్లు, ఆ చోటు ఫొటో, నచ్చిన రెండు మూడు బొమ్మలు, బడ్జెట్, ఇవన్నీ ఒకే మెసేజ్‌లో పెట్టు. అడ్వాన్స్ అడుగుతారు, మనం వెళ్లకపోతే అది పోయినట్టే. వేరే ఆర్టిస్టు బొమ్మ చూపించి అచ్చు ఇదే దించమంటే మంచివాడు ఒప్పుకోడు, ఒప్పుకున్నాడంటే రేపు నీ బొమ్మ కూడా ఇంకొకడి చేతి మీద ఉంటుంది. ఇక్కడ టాటూ రేటు మీద ఇంకో 20 శాతం టిప్పు, అది అలవాటవ్వడానికి నాకు మూడు టాటూలు పట్టింది.

దేవుడి బొమ్మలు నడుము కిందకి వద్దు, ఎవరేమన్నా. 2015లో కాలి మీద ఎల్లమ్మ టాటూ ఉందని ఒక ఆస్ట్రేలియా కుర్రాడిని బెంగళూరులో హోటల్లో చుట్టుముట్టి పెద్ద గొడవ చేశారు. అతను వీపు మీద వినాయకుడిని కూడా వేయించుకున్న భక్తుడే పాపం.

---

నల్లసిరా:

ఇంకొకటి మర్చిపోయా. ఎండాకాలం వద్దు. బైక్ మీద గచ్చిబౌలి ఎండలో గంట ఉంటే కొత్త టాటూ అప్పడమే. ఇంటికెళ్తే అమ్మ పసుపు రాస్తానంటుంది, రాయనివ్వకు. రెండు మూడు వారాలు ఈత వద్దు, పొట్టు లేస్తే గోకొద్దు, దురద పుడితే పక్కన తట్టుకో.

---

ఓరుగల్లు_కుర్రాడు (రెండు నెలల తర్వాత):

అందరికీ థాంక్స్. ఐదుగురికి డాలస్_బావ చెప్పినట్టు మెసేజ్ పెట్టా. ఇద్దరు హీల్డ్ ఫొటోలు పంపారు, ఒకాయన "మా పని చూసి నమ్మకం ఉంటే రండి" అన్నాడు, ఇద్దరు జవాబే లేదు. పంపినవాళ్లలో ఒకావిడ డాట్‌వర్క్ (చుక్కలతోనే బొమ్మ వేసే పని) మాత్రమే చేస్తుంది, రెండేళ్ల నాటి ఫొటోలో కూడా చుక్క చుక్కగానే ఉంది. వెళ్లి అరగంట మాట్లాడొచ్చా. మధ్యలో ఫోన్ మోగింది, గ్లవుజు తీసి ఎత్తింది, తర్వాత కొత్తది వేసుకుంది. అక్కడే అడ్వాన్స్ ఇచ్చేశా. డేట్ సంక్రాంతి తర్వాత.

దసరాకి ఊరెళ్లినప్పుడు @గోదారి_గట్టు అక్క మాట గుర్తొచ్చి మా నానమ్మ చెయ్యి చూశా. 26 ఏళ్లుగా చూస్తున్న చెయ్యి, దాని మీద ఏముందో ఎప్పుడూ చూడలేదు. మణికట్టు పైన చిన్న చుక్కలతో నాలుగు మూలల ముగ్గులాంటిది, పక్కన తేలు. మొదటిది అదే వేయించుకుందామనుకుంటున్నా. ఎంతవుతుందే అని అడిగింది, నాలుగు వేలన్నా. "నాలుగు వేలా? నేను శేరు బియ్యమిచ్చిన, అది గూడ ఎక్కువని మా అత్త తిట్టింది" అంది. ఫొటో తీశా గానీ ముడతల్లో చుక్కలు సరిగ్గా కనపడట్లేదు. @బెజవాడ_సూది అన్నా, ఏం చెయ్యాలి?

---

బెజవాడ_సూది:

ట్యూబులైటు కింద తీసుంటావు. పొద్దున పూట నీడలో, చేతికి కొంచెం కొబ్బరినూనె రాసి, ముడతలు నీ రెండు వేళ్లతో మెల్లగా సాగదీసి తియ్యి. ఒక ఫొటో కాదు, నాలుగు వైపుల నుంచి నాలుగు. ఆ తర్వాత తెల్లకాగితం ఇచ్చి నానమ్మనే వెయ్యమను, ముగ్గు పెట్టే చెయ్యి కదా, చుక్కల లెక్క ఆవిడకి తెలిసే ఉంటుంది.